దేవుడమ్మ రెండో కత్తి

అచ్చయ్య కుళాయి కింద సానరాయి తడుపుకుని, కత్తిని దాని మీద ముందుకీ వెనక్కీ లాగుతున్నాడు. వంటింట్లో టీ కాస్తున్న భార్య దేవుడమ్మకు ఆ చప్పుడు వింటేనే తెలిసిపోయింది, ఇవాళా అంతేనని. ఎస్టేటులో పామాయిల్ గెలలు కోసే కొడవళ్ళన్నిటికీ పదును పెట్టిన చెయ్యి అది. పక్షవాతం వచ్చాక వేళ్ళలో పట్టు తప్పింది. కత్తి ఒక వాలున నిలవదు. ఉన్న కాస్త పదునునూ రాయి తినేస్తుంది.

"ఏటే, సూడు," అంటూ కత్తి అందించాడు.

ఆమె బొటనవేలితో అంచు తడిమింది. గరిటె కూడా అంతకంటే నయం.

"బాగుంది మావా," అంది.

దేవుడమ్మ అబద్ధమాడిందంటే ఎవరూ నమ్మరు. హుటాన్ మెలింటాంగ్ ఊరి రేవులో చేపలు కోసిచ్చే ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. చేప మెత్తబడితే "ఇది నిన్నటిది, కొనకు" అని యజమాని ఎదుటే చెప్పేస్తుంది. పెళ్ళిలో సాంబారు బాగాలేకపోతే వడ్డించేవాడితోనే అంటుంది. బడిలో ఇంగ్లీషు చెప్పే కూతురు పుష్పవల్లి, "నువ్వు మరీ బ్లంట్, అమ్మా," అని నవ్వుతుంది. ముఖం మీదే మాట్లాడేవాళ్ళనీ, పదును లేని కత్తినీ, అరిగిపోయిన పెన్సిలునీ ఇంగ్లీషువాళ్ళు ఆ ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారట. "ఆళ్ళకి మాటలు కరువేటి?" అని దేవుడమ్మ కొట్టిపారేసింది.

అంత నోరూ మొగుడి కత్తి దగ్గర మూగబోయింది. రేవులో మంచుపెట్టె కింద గుడ్డలో చుట్టి, కొట్లో కొన్న ఇంకో కత్తి దాచుకుంది. చేపలు కోసేదంతా దానితోనే. అచ్చయ్యకు మిగిలిన పని ఈ సానపట్టడం ఒక్కటే. అదీ చేతకాకుండా పోయిందని తెలిస్తే మనిషి మంచం దిగడని ఆమె భయం.

ఆ మధ్యాహ్నం పుష్పవల్లి మోటారుసైకిల్ వెనక కూర్చుని ఆయనే రేవుకి వచ్చేశాడు. ఇంట్లో తోచలేదట. దేవుడమ్మ చేతిలో ఉన్న కత్తిని కింద పడేసి, కాలితో మంచుపెట్టె కిందికి తోసి, ఆయనిచ్చిన కత్తి తీసింది. ఆయన ప్లాస్టిక్ స్టూలు మీద సర్దుకుని కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఎప్పుడూ ఆమె దగ్గరే కోయించుకునే కామాచ్చి వంజరం చేప తెచ్చి బల్ల మీద పెట్టింది. "సన్నగా కొయ్యి అక్కా."

కత్తి చర్మం మీద జారింది, మాంసం నలిగింది, నడిముల్లు తెగలేదు. దేవుడమ్మ రెండు చేతులతో బలంకొద్దీ నొక్కింది.

"అక్కా, నీ ఇంకో కత్తి..." అని మొదలుపెట్టిన కామాచ్చి, స్టూలు మీది ముసలాయనను చూసి నోరు మూసుకుంది. పీచుపీచైన ముక్కల్నే సంచిలో వేసుకుపోయింది. ఆ పిల్లకు దేవుడమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"తెగతందా?" అన్నాడు అచ్చయ్య.

"ఎన్నముద్దలాగ తెగతంది."

ఆయన బల్లకు అంటుకున్న తునకల్ని కాసేపు చూశాడు. "ఇటియ్యి. ఇంకాసంత సాన ఎడతాను." కత్తిని గుడ్డలో చుట్టుకున్నాడు. బండెక్కుతూ వెనక్కి తిరిగాడు. "ఆ మంచుపెట్టి కింద కత్తి తడిసినాది. తుడిసి ఎట్టు, తుప్పడతాది."

ముఖంలో నవ్వుంది.

దేవుడమ్మకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అన్నిటికీ మించి ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది. ఎన్నాళ్ళుగా తెలుసో! తెలిసీ రోజూ పొద్దున్నే రాయి తడుపుతూనే ఉన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి కుళాయి కారుతోంది. సానరాయి ముందు, గోడకు చేరగిలబడి అచ్చయ్య కూర్చుని ఉన్నాడు. తల పక్కకు వాలింది. "మావా," అని భుజం పట్టుకుంటే చల్లగా తగిలింది. దేవుడమ్మ ముందు కుళాయి కట్టేసింది. ఆయన చేతిలోంచి కత్తి తీసి, తడి వేళ్ళను ఒక్కొక్కటే కొంగుతో తుడిచింది. తర్వాత కూతుర్ని పిలిచింది.

కర్మలన్నీ అయ్యాక మళ్ళీ రేవుకి వచ్చింది. చేప కోయించుకోడానికొచ్చిన కామాచ్చి, అచ్చయ్య పాత కత్తిని చూసి, అందివ్వాలని చెయ్యి చాచింది.

"అది తెగదు," అంది దేవుడమ్మ. "మా మావ సాన ఎట్టినాడు."

మంచుపెట్టె పైన, అందరికీ కనబడేలా, తడి లేకుండా తుడిచిన ఆ కత్తి.