వింగులో వదిన

"ఏమోయ్, కోర్టు సీను దగ్గర నుంచి మళ్ళీ అందుకో" అన్నాడు భర్త, వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో కాళ్ళు చాపుకుని. ఉల్లిపాయలు తరుగుతూనే ఆమె జడ్జి అయింది. పొంగుతున్న పాలు దించుతూ పోలీసు అయింది. ఆయన నాటకాల రిహార్సలు కోసం ఆ వంటింట్లో ఆమె వేయని వేషం లేదు. తల్లి, ప్రియురాలు, డాక్టరు, దొంగ అందరూ ఆమే. ఆయనది మాత్రం ఎప్పుడూ ఒకటే, హీరో. ఆయన డైలాగు మరిచిపోతే ఆమె అందిస్తుంది. ఆమె కూర మాడిస్తే మాత్రం "ధ్యాస ఎక్కడ పెట్టావు?" అంటాడు.

ఊళ్ళో ఆయనకి సహజ నటుడని పేరు. అత్తగారిని కదిలిస్తే ఇంకాస్త వెనక్కి వెళ్తుంది. "పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారే, మావాడు అచ్చం అంతే. ఉయ్యాల్లో ఏడ్చినా చూడ్డానికి నలుగురు చేరేవాళ్ళు." ఆ పువ్వుకి రోజూ నీళ్ళెవరు పోస్తున్నారో సామెత కట్టినవాళ్ళూ అడగలేదు, అత్తగారూ అడగలేదు. ఆమె బట్టల షాపులో పొద్దంతా నిలబడి వస్తుంది. ఆయన ఆఫీసులో కూర్చుని వస్తాడు. అయినా సాయంత్రం అలిసిపోయే హక్కు కళాకారుడిదే.

ఆమెకీ నటించాలని ఉండేది. ఉండేదేమిటి, ఉంది. ఒకసారి ధైర్యం చేసి నాటకాల డైరెక్టరుగారిని అడిగేసింది. బృందంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె 'వదిన'. వదిన అడిగింది కదాని స్టేజి మీద నిలబెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. కాళ్ళు వణికాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గొంతు పీలగా వచ్చింది. అబద్ధమెందుకు, బాగా చేయలేదు. "తపన ఉంటే చాలదు వదినా, ఇది పుట్టుకతో రావాలి. నువ్వు పక్కనుంచి మాటలందించు, ప్రాంప్టింగ్ చూసుకో. నీ అంత ఓపిక ఎవరికుంది?" అన్నారు డైరెక్టరుగారు. భర్త పకపకా నవ్వి "మా ఆవిడకి సరదాలెక్కువ" అన్నాడు. ఆయన చేస్తే కళ, ఆమె చేస్తే సరదా. ఆ నవ్వు ఆమెకి ఇప్పటికీ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

అప్పటి నుంచీ స్టేజి పక్కన వింగు చాటున, స్క్రిప్టు పట్టుకుని నిలబడటం ఆమె పని. కోర్టు సీనులో జడ్జి, బోనులో ఉన్న కుర్రాడిని చూపించి "ఇతను మీ కొడుకేనా?" అని తండ్రిని అడుగుతాడు. "వీడు నాకేమీ కాడు" అనాలి ఆయన. మొదటి ప్రదర్శనలోనే ఆ మాట మరిచిపోయి, గుడ్లు తేలేసి వింగు వైపు చూశాడు. ఆమె అందించబోయింది. కానీ ఆ కుర్రాడి ముఖం చూసి ఏడుస్తోందేమో, ముందు కళ్ళు తుడుచుకుంది. ఆమె తేరుకుని అందించేసరికి హాలంతా ఊపిరి బిగబట్టి ఉంది. ఆయన ఆ మాట అనగానే చప్పట్లు మోగిపోయాయి.

ఆ తర్వాత ఆయన ఆ డైలాగు నేర్చుకోవడమే మానేశాడు. "అక్కడ నువ్వున్నావుగా" అన్నాడు. ఆమె మాత్రం నేర్చుకుంది. వెనక వరసలో దగ్గు ఆగేదాకా, కుర్చీల కిర్రు సద్దుమణిగేదాకా ఆ మాట అందించకుండా ఆగడం నేర్చుకుంది. ఒక్కో హాలుకి ఒక్కో కొలత. తొందరపడితే తేలిపోతుంది, ఆలస్యమైతే ఎవరో నవ్వుతారు. ఎన్ని ప్రదర్శనల్లో తప్పులు చేసి నేర్చుకుందో ఆ కొలత! ఇంటికొచ్చాక ఆయన ఇచ్చే బహుమానం: "ఇవాళ అంత ఆలస్యం చేశావేం? నిలబడే నిద్రపోయావా?"

పోయిన వారం ఆయనకి సన్మానం చేశారు. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, "అన్నిటికన్నా గొప్పది కోర్టు సీనులో ఆ మౌనం. అలాంటిది నేర్పితే వచ్చేది కాదు" అన్నాడు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "నేనేం చేయనండీ, చిన్నప్పటి నుంచీ నాకు అలా వచ్చేస్తుందంతే" అన్నాడు. ఆయన వేడినీళ్ళ ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని రెండో వరసలో కూర్చున్న ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆయన మరిచిపోతే ప్రతిభట, ఆమె గుర్తుపెట్టుకుంటే ఓపికట! అబద్ధమాడుతున్నాడా అని ఆయన ముఖంలోకి చూసింది. లేదు. నిజంగానే నమ్ముతున్నాడు. అబద్ధమైతే ఆమె క్షమించేదేమో.

మర్నాడే ఆమె లైబ్రరీ మేడమీదికి వెళ్ళింది. అక్కడ రిటైరైన టీచరమ్మ ఒకావిడ, నర్సులనీ టైలర్లనీ పోగేసి నాటకాలు వేయిస్తుంది. "నాకు పుట్టుకతో రాలేదండీ" అని ముందే చెప్పేసింది ఆమె. "ఇక్కడ ఎవరికీ రాలేదులే, రేపటి నుంచి రా" అంది టీచరమ్మ. ముసలమ్మగా చిన్న వేషం ఇచ్చింది. కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. కానీ మాటకి ముందు ఎప్పుడు ఆగాలో ఆమెకి బాగా తెలుసు.

ఇవాళ వంటింట్లో కోర్టు సీను అయ్యాక, తరిగిన ఉల్లిపాయలు పక్కన పెట్టి ఆయనకి ఆ సంగతి చెప్పింది. ప్రదర్శన తేదీ కూడా చెప్పింది.

"ఆ రోజు మాకు పోటీ ఉందిగా! వింగులో ఎవరుంటారు?" అన్నాడు ఆయన కాళ్ళు దగ్గరికి లాక్కుని.

"ఎవరినైనా పెట్టుకోండి."

"ఎవరో ఉంటే నువ్వున్నట్టు అవుతుందా? అయినా నీకు రాని పని నీకెందుకు చెప్పు?"

"రాదు కాబట్టే నేర్చుకుంటున్నా. మీకు పుట్టుకతోనే వచ్చింది కదండీ. పుట్టుకతో వచ్చినవాళ్ళకి వింగులో మనిషెందుకు?"

ఆయన నోరు తెరిచాడు. మాట రాలేదు. అలవాటు కొద్దీ, అందించమన్నట్టు ఆమె వైపు చూశాడు. ఏ మాట అందించాలో ఆమెకి తెలుసు. ఎంతసేపు ఆగాలో కూడా తెలుసు. స్క్రిప్టు ఆయన చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుని రిహార్సలుకి వెళ్ళిపోయింది.