మునీర్ పేరు అమ్ముకున్నవాడు

మునీర్‌ను బస్టాండు ఎదురుగా పట్టపగలు కొట్టారు. కుడి చేతిని రోడ్డు మీద పరిచి బండరాయితో చితక్కొట్టారు. కొడుతూ కొడుతూ, "మోటారు చెడిపోయిందని చెప్తివే, మనుషుల్ని దించుతాండారని చెప్తివే" అన్నారు. ఆ మాటలు విని నేను పరుగెత్తుకు వచ్చేసరికి బైకులెక్కి పోయారు.

కార్మికులారా, కాలేజీ పిల్లలారా, ఆ మాటలు గుర్తుపెట్టుకోండి. అవి ముందురోజు పంచాయతీ ఈఓ సుబ్బరాయుడి గదిలో, తలుపులు వేసుకుని, మునీర్ చెప్పిన మాటలు. గదిలో ఉన్నది వాళ్ళిద్దరే.

మునీర్ మా బండకాడపల్లిలో సెప్టిక్ ట్యాంకర్ డ్రైవరు. బండి కాంట్రాక్టరు హరినాథ్‌ది. గుంతలు తోడే మోటారు చెడిపోయి ఏడాది దాటింది. దాన్ని బాగుచేయించకుండా హరినాథ్ మనుషులకు తాళ్ళు కట్టి గుంతల్లోకి దించాడు. మిషనే తోడుతోందని పంచాయతీ బిల్లులు పాస్ చేసింది. అలా దిగిన కుప్పుస్వామి ఊపిరాడక లోపలే పోయాడు. గుండెపోటు అని రాసేశారు. అతని భార్య రాజమ్మ మాతోపాటు వీధులు ఊడుస్తుంది. తాడు పట్టుకుని పైన నిలబడింది మునీరే. ఆ తర్వాత అతనికి అన్నం సహించలేదు. ఈఓ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాడు. నీ పేరు గోప్యంగా ఉంచే పూచీ నాది అని, టీ తెప్పించి మరీ పంపాడు ఆ మహానుభావుడు.

మేమంతా ఆఫీసు మీదికి పోయాం. సుబ్బరాయుడు కుర్చీలోంచి కదల్లేదు. ఫిర్యాదులు రహస్యమనీ, అసలు ఫిర్యాదు వచ్చిందో లేదో కూడా చెప్పకూడదనీ అన్నాడు. మీవాడే తాగి ఎక్కడో వాగుంటాడని కూడా అన్నాడు. మునీర్ జన్మలో మందు ముట్టినవాడు కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. చూశారా, పేదవాడి పేరు దాచలేని ఆఫీసు తన పాపాన్ని ఎంత భద్రంగా దాచుకుంటుందో! పోలీసులేమో గుర్తు తెలియని వ్యక్తులు కొట్టారని రాసుకున్నారు.

ఆ సాయంత్రం యూనియన్ షెడ్డులో పెద్ద గొడవ. కుప్పంలో చదివే హరిత సమాచార హక్కు కింద అడుగుదామంది. అడిగితే రహస్యమంటారు కదమ్మా అని మాతో ఊడ్చే రామప్ప కొట్టిపారేశాడు. చెప్పు తీసుకుని పోదామని రాజమ్మ. కొడితే మనమే లోపలికి పోతాం, వాడు బయటే ఉంటాడని నేను. మునీర్ భార్య మైమూనా అప్పుడే మదనపల్లె ఆసుపత్రి నుంచి వచ్చి గోడవారగా కూర్చుంది. అందరూ అరిచి అలిసిపోయాక నోరు తెరిచింది.

"వాడు పేర్లు అమ్ముతాండాడు కదప్పా. ఇంకో సరుకు వాడి సేతిలో పెడదాం. యాడికి పోతాదో సూద్దాం."

కుప్పుస్వామి గుంతలో ఉండగా మునీర్ వీడియో తీశాడనీ, ఆ ఫోను రాజమ్మ ఇంట్లో బియ్యం డబ్బా అడుగున దాచాననీ ఈఓకు చెప్పి వస్తానంది. వీడియో లేదు, ఏమీ లేదు. ఆ డబ్బా కోసం ఎవరైనా వస్తే చెప్పిన నోరు ఈఓది ఒక్కటే అవుతుంది. రాజమ్మ ప్రాణానికి ముప్పు కదా అని హరిత భయపడింది. రాజమ్మ ఆమె వైపు తిరిగింది.

"నా పెనిమిటిని మింగినోళ్ళు నా ఇంటికే వస్తామంటే నేను యాల వద్దంటాను?"

మర్నాడు మైమూనా ఒక్కతే పోయి ఏడ్చి వచ్చింది. సుబ్బరాయుడు మళ్ళీ తలుపు వేశాడట, మళ్ళీ అదే పూచీ ఇచ్చాడట.

దీపాలు పెట్టే వేళకు హరినాథ్ కారు మా వీధిలోకి వచ్చింది. వెనకే రెండు బైకులు. ఒక్క మాట అడగలేదు, ఇల్లు వెతకలేదు. నేరుగా వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా బోర్లించారు. అప్పుడు వీధి తలుపులన్నీ తెరుచుకున్నాయి. చెత్త బండ్లు అడ్డంగా తోశాం. పారలు, చీపుర్లు పట్టుకుని వీధి వీధంతా వాకిట్లో నిలబడింది. హరినాథ్ కారు వైపు తిరిగాడు, దారి లేదు. అంతలో అతని ఫోను మోగింది. ఈఓ సార్ అని కనబడుతోంది. మైమూనా లాక్కుని స్పీకర్ పెట్టింది.

"దొరికిందా హరీ? ఆ యమ్మ ఇంకెవురికీ సూపించలేదు కదా?"

"సూపించినా సార్," అంది మైమూనా. "ఊరంతా ఇంటాండాది."

కొట్టారా అని అడక్కండి. కొట్టాం. రాజమ్మ మాత్రం చెయ్యెత్తలేదు. హరినాథ్‌ను సందు చివరి గుంత దగ్గరికి తోలుకుపోయి మూత తీయించింది. దిగమనలేదు, వంగి పీల్చమంది. వాడు అక్కడే కక్కుకున్నాడు. నా కడుపు చల్లబడింది, దాచుకోను.

హరినాథ్‌ను కొట్టామని రాజమ్మనూ మైమూనానూ నన్నూ అరెస్టు చేశారు. సుబ్బరాయుణ్ణి మదనపల్లెకు బదిలీ చేశారు. కారణం అడిగితే అదీ గోప్యమే అన్నారు. మేము బెయిలు మీద వచ్చేలోపే మదనపల్లె కార్మికులు పని అందుకున్నారు. పొద్దున్నే అక్కడి వసీం తోలే చెత్త బండి మైకులో తడి చెత్త, పొడి చెత్త పాట రాలేదు. హరిత రికార్డు చేసిచ్చిన గొంతు వచ్చింది. మునీర్ పేరు అమ్ముకున్న సుబ్బరాయుడు మదనపల్లెకొచ్చాడు, అతనికి ఏ రహస్యమూ చెప్పకండి అని. వసీంను పట్టుకుపోయారు. మర్నాడు పుంగనూరు బండ్లు అదే పలికాయి, ఆ తర్వాత కుప్పం బండ్లు. ఎంతమందిని పట్టుకుపోతారు?

సుబ్బరాయుడు సెలవు పెట్టి మదనపల్లె ఇంట్లో దాక్కున్నాడు. మునీర్ ఆసుపత్రి నుంచి రాగానే నేరుగా చెత్త బండి ఎక్కాడు. కుడిచేతికి వేళ్ళు మిగల్లేదు, ఎడమచేత్తో మైకు పట్టుకున్నాడు. ఆ ఇంటి ముందు బండి ఆపించి, నెమ్మదిగా, వీధంతా వినేలా పిలిచాడు.

"సార్, నేను మునీర్‌ని. తలుపు తీయండి."

కిటికీ రెక్క కూడా కదల్లేదు. మర్నాడు మళ్ళీ పోయాం. రోజూ పోతున్నాం.