రోజ్విథా గదిలో కొండ

కొడుకు వేరే ఊళ్లో కాపురం పెట్టాక ఖాళీ అయిన గది తనకు కావాలని రోజ్విథా అడిగినప్పుడు, కుట్టుమిషను పెట్టుకోవడానికేమో అనుకున్నాడు ఆమె భర్త డీట్మార్. బొమ్మరైలు కోసమని చెప్పింది. అతను నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి, అల్మారా పక్కకు జరపడానికి సాయం చేశాడు.

ఆమెకు రైలంటే అందరికీ గుర్తొచ్చే రైలు కాదు. లెన్నె నది ఒడ్డున, తీగల కర్మాగారం వెనక ఉన్న వాటాల ఇంట్లో మూడో అంతస్తులో ఆమె పెరిగింది. వంటింటి కిటికీలోంచి చూస్తే కింద గూడ్సు యార్డు. మూడు పట్టాలు, ఒక రేకుల షెడ్డు, తీగ చుట్టలు నింపిన పెట్టెల్ని ముందుకీ వెనక్కీ నెట్టే ఒక చిన్న ఇంజను. బడినుంచి వచ్చి ఆ కిటికీ దగ్గరే కూర్చుని లెక్కలు చేసుకునేది. ఇప్పుడా చోట సూపర్ మార్కెట్టు కార్లు ఆగుతున్నాయి. ఆ మూడు పట్టాలు, ఆ షెడ్డు, బట్టల తీగలతో సహా ఆ ఇంటి వెనక గోడ, వీటిని బల్ల మీద పట్టే కొలతకు కుదించి కట్టాలని ఆమె కోరిక. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

డ్రైవింగు స్కూలు ఆఫీసులో ఆమె ఇరవై ఏళ్లకు పైగా ఫోన్లు ఎత్తింది. ఎవరి పాఠం ఎప్పుడో, ఎవరి పరీక్ష ఎప్పుడో రాసిపెట్టింది. పని సగానికి తగ్గించుకున్నాక, పొద్దున పూట ఆ గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేది.

అన్నీ తప్పులతోనే మొదలయ్యాయి. ప్లైవుడ్ బల్ల మీద, పట్టాల కింద ఉండే కార్క్ పట్టీ అతికించింది, మర్నాటికి అది లేచింది. పట్టాల్ని రంపంతో కోసింది, కొసలు ఆకురాయితో సరిగా అరగదీయక చక్రాలు తట్టుకున్నాయి. టంకం అసలు అంటుకోలేదు. వేలు రెండుసార్లు కాలాక తెలిసింది, వేడి పెట్టాల్సింది టంకానికి కాదు, తీగకని. ఆ సంగతి తెలిసిన రోజున కూనిరాగం తీస్తూ ఆలుగడ్డలు తొక్కతీసింది. ఇంటి గోడను కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెల్లోంచి కోసింది. కిటికీలు ఒక వరసలోకి రాలేదు. నాలుగోసారికి వచ్చాయి. మూడో అంతస్తులో వంటింటి కిటికీకి పల్చటి కాగితం అంటించి వెనక చిన్న దీపం పెట్టింది.

ఇక మిగిలింది గోధుమరంగు గూడ్సు పెట్టె. దాన్ని ఇంజను లాగితే బుద్ధిగా వచ్చేది. నెడితే మాత్రం, దారి మారే పాయింటు దగ్గర పట్టా దిగిపోయేది. యార్డులో పనంతా నెట్టడమే. మిగతా పెట్టెలకు లేని పేచీ దీనికెందుకు? పాయింటు వేరేది పెట్టి చూసింది, బరువు పెట్టి చూసింది, పెట్టెను తిప్పి పెట్టి చూసింది. మూడు వారాలుగా బస్సులో కూడా అదే ఆలోచన. జవాబు దగ్గర్లోనే ఉందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

డీట్మార్ అప్పుడప్పుడు కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడి, పెట్టె పడిపోవడం చూసి, అయ్యో అనేవాడు. ఆమె మళ్లీ ఎత్తి పెట్టేది. అతనికి ఆమె అవస్థ కనపడింది. సుఖం కనపడలేదు.

ఆమెకు అరవై నిండే ఆదివారానికి ముందు, అక్క అల్ముట్ వచ్చి, ఇద్దరం బాడ్ జాసెన్‌డోర్ఫ్ వెళ్లి ఉప్పునీళ్ల స్నానాలు చేసొద్దాం పద అంది. గురువారం బయల్దేరారు. అక్క మాటిమాటికీ ఫోను చూసుకుని నవ్వుకుంటూ ఉంటే, మనవరాలి ఫొటోలేమో అనుకుంది రోజ్విథా. పుట్టినరోజు శుభాకాంక్షలు ముందుగా చెప్తే కీడని వాళ్ల దేశంలో నమ్మకం. అందుకని శనివారం కూడా అక్క దాని ఊసెత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నడవాలో ఆరు జతల మగవాళ్ల బూట్లున్నాయి. డీట్మార్ ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చి, గిన్నెలు తుడిచే గుడ్డతో ఆమె కళ్లు కట్టి, చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఎటు నడిపిస్తున్నాడో మూడో అడుగులోనే ఆమెకు తెలిసింది. గుడ్డ తీశాడు.

గదిలో కొండ ఉంది. ఆమె భుజాల ఎత్తున, శిఖరం మీద మంచుతో. కొండ మీద కోట, కోట దాకా తాళ్ల మీద ఎక్కే పెట్టె. పచ్చికలో ఆవులు. గంట మోగే చర్చి. సొరంగంలోంచి ఒక ఎక్స్‌ప్రెస్ బయటికొస్తుంటే, ఇంకొకటి లోపలికి పోతోంది. గోడల వెంట ఊరి మోడల్ రైళ్ల సంఘం వాళ్లు వరసగా నిలబడి చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షుడు ఎగ్బర్ట్ లింధోర్స్ట్ కళ్లు తుడుచుకున్నాడు. మూడు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేశారట. అతనే చెప్పాడు.

రోజ్విథా ముందు యార్డు కోసం చూసింది. యార్డు లేదు. ఇంటి గోడ కోసం చూసింది.

"ఇక్కడో అట్ట ఇల్లుండాలి," అంది.

ఆ అట్టముక్కలు కొలత చూసుకోవడానికి చేసుకున్నవేమో అనుకున్నామని ఎగ్బర్ట్ చెప్పాడు. చర్చి పక్కన మంచి ఇళ్లు పెట్టామన్నాడు. మరి ఆ అట్ట ఏమైందని ఆమె అడిగితే, డీట్మార్ నెమ్మదిగా, కాగితాల డబ్బాలో వేశామన్నాడు. ఆ నీలం డబ్బా ఖాళీ చేసే మునిసిపాలిటీ బండి శుక్రవారమే వచ్చి వెళ్లింది.

ఆమె ముఖం చూసి, సంతోషపెట్టే మాట ఏదైనా చెప్పాలనిపించినట్టుంది ఎగ్బర్ట్‌కి. "మీ గోధుమరంగు పెట్టె కూడా నడుస్తుందమ్మా ఇప్పుడు. చక్రాలు ఇరుసు మీద కాస్త లోపలికి జరిగి ఉన్నాయంతే. బయటికి లాగాను. ఒక్క నిమిషం పని."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో రోజ్విథాకు అప్పుడు తెలిసింది. ఇల్లు పోయింది, సరే. అట్ట మళ్లీ దొరుకుతుంది, మళ్లీ కోయవచ్చు. ఆ జవాబు ఇక ఆమెకు దొరకదు. ఎవడో చెప్పేశాడు.

"నేను మిమ్మల్ని అడిగానా, లింధోర్స్ట్ గారూ?"

అతనికి ప్రశ్న అర్థం కాలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లి కాఫీ పోసింది. వెన్న కేకు ముక్కలు కోసి ఆరుగురికీ ఇచ్చింది. కప్పులన్నీ నిండాక చెప్పింది.

"తాగండి. తాగి దీన్ని తీసుకెళ్లిపోండి."

ఎగ్బర్ట్ కేకు బల్ల మీద పెట్టేశాడు. నలభై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నానని, ఇలాంటి మాట ఎక్కడా పడలేదని అన్నాడు. ఇద్దరు సెలవు పెట్టి వచ్చారని, సంఘం దాచుకున్న కొండనే తెచ్చామని చెప్పాడు. "ఆ ఆవులకు రంగులు వేసింది మా ఆవిడ. ఒక్కొక్క దానికీ మచ్చలు వేరు."

"ఆవులు బాగున్నాయి. వాటినీ తీసుకెళ్లండి."

బూట్లు ఒక్కొక్క జతే మాయమయ్యాయి. కొండ మాత్రం కదల్లేదు. ఇచ్చిన కానుక వెనక్కి మోసుకెళ్లడానికి మేం కూలీలం కాదని గుమ్మంలో నిలబడి ప్రకటించి వెళ్లాడు ఎగ్బర్ట్.

అల్ముట్ వంటింట్లో చెల్లెల్ని పట్టుకుని దులిపింది. పెళ్లాం పుట్టినరోజు గుర్తుండని మగాళ్లున్నారే ఈ ఊళ్లో, నీ మొగుడు రెండు నెలలుగా దీనికోసం తిరిగాడు అంది. "ఒక పూలగుత్తి కూడా తేని వాళ్లున్నారు, తెలుసా?"

"పూలు తెచ్చుంటే నీళ్లలో పెట్టేదాన్ని, అక్కా. నా కాళ్లూ చేతులూ తీసేసి కొత్తవి తెచ్చానంటే ఏం చెయ్యను?"

అక్క సంచి భుజాన వేసుకుని, నీకు వడ్డించిన విస్తరి కూడా ముల్లే అని వెళ్లిపోయింది.

ఇద్దరే మిగిలాక డీట్మార్ కోపం బయటపడింది. అతనిది మామూలుగా పైకి రాని కోపం. కెగెల్ బంతాట ఆడే రాత్రి అందరి ముందూ ఎగ్బర్ట్‌ని బతిమాలానని, ఇప్పుడతని మొహం మళ్లీ ఎలా చూడాలని అడిగాడు. ఒక్క పెట్టెను పట్టా మీద నిలబెట్టడానికి ఆమె వారాల తరబడి పడిన పాట్లు చూడలేకే ఇదంతా చేశానన్నాడు.

"ఈ లెక్కన ఐదేళ్లు పట్టేది నీకు."

"అవును. ఆ ఐదేళ్లే నాక్కావాల్సింది."

"నీ కోసమే కదా చేశాను."

"నా కోసం కాదు. నా బదులు చేశావు."

మర్నాటికల్లా సంగతి ఊరంతా పాకింది. రోజ్విథాకు బంగారంలాంటి కానుక ఇస్తే విసిరికొట్టిందని చెప్పుకున్నారు. డ్రైవింగు స్కూల్లో యజమాని, పోనీలే, పెద్దవాళ్లు, ఒక థాంక్స్ చెప్పేయరాదా అన్నాడు. రొట్టెల దుకాణంలో ఎప్పుడూ వాతావరణం గురించి తప్ప మాట్లాడని మనిషి, చిల్లర ఇస్తూ, కొండ వద్దన్నది మీరేనా అని అడిగింది. కావాలంటే మీ ఇంటికి పంపిస్తాను, మీ పడగ్గదిలో ఎంత చోటుందో చెప్పండి అంది రోజ్విథా. ఆ తర్వాత మళ్లీ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు.

ఆమెను మండించింది ఆ మాటలు కాదు. తను తప్పేమోనని తనకే అనిపించడం. అడక్కుండా గదిలోకి చొరబడి, చేసినదంతా పీకి పారేసిన వాళ్లు నిద్రపోతున్నారు. తను దొర్లుతోంది. అపరాధం వాళ్లది, క్షమాపణ తనదా? ఆ గది తలుపు మూసింది. పెట్టినవాడే తియ్యాలని డీట్మార్‌కు ఒకసారి చెప్పింది, మళ్లీ చెప్పలేదు. అతనూ పట్టుదలకు పోయాడు. ఆకులు రాలే కాలం వచ్చింది. కొండ అక్కడే ఉంది.

చివరికి ఎగ్బర్టే ఫోను చేశాడు. వృద్ధుల ఆశ్రమం వాళ్లు అలాంటిది కావాలంటున్నారట. మాట్లాడింది డీట్మార్‌తోనే. శనివారం ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బల్ల ఒక కొస ఎత్తారు, తిప్పారు, నిలువుగా పెట్టి చూశారు. గుమ్మంలోంచి పట్టలేదు. ఆమె బల్ల రెండు ముక్కలుగా విడివడేది. ఆ రెంటినీ కలిపి, విడి భాగాలుగా తెచ్చిన కొండను మీద పేర్చి, జిగురు పోసి బిగించింది వాళ్లే. నలభై ఏళ్ల అనుభవం గుమ్మం వెడల్పు కొలవడం మర్చిపోయింది. రోజ్విథా నడవాలో నిలబడి చూస్తోంది. ఒక్క మాటా అనలేదు. అనకపోవడానికి పళ్లు బిగబట్టాల్సి వచ్చింది.

కోయక తప్పదన్నాడు ఎగ్బర్ట్, ఆమె వైపు చూడకుండా. డీట్మార్ రంపం తెచ్చాడు. గీత ఎక్కడ గీసినా కోట మీదుగానే పోతోంది. రంపం పెట్టాడు, తీశాడు. మళ్లీ పెట్టాడు. ఎగ్బర్ట్ చేయి చాపి, ఇటివ్వు, ఆ కోట ఎలాగూ వంకరే, పైన బురుజు చూడు, నేను ఆరోజే సరిచేస్తానంటే నువ్వు ఒప్పుకోలేదు అన్నాడు.

డీట్మార్ రంపం ఇవ్వలేదు.

"ఈ కోట నువ్వు చేశావా?" అంది రోజ్విథా. కొన్ని వారాల తర్వాత ఆమె అతన్ని ఏదైనా అడగడం అదే మొదలు.

చేశానన్నాడు. కొన్న అట్టపెట్టెలోంచి ముక్కలు తీసి అతికించానని, మొదటి బురుజుకు జిగురు ఎక్కువై జారిపోయిందని, రెండోదానికి అగ్గిపుల్ల కొసతో పెట్టానని చెప్పాడు. వంతెన గొలుసు కోసం ఒక రాత్రంతా కూర్చున్నాడట. చెప్తూ చెప్తూ వేళ్లతో గాల్లో అతికించి చూపించాడు. ఎగ్బర్ట్ మనుషులు కొండ కొస పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"మరి బురుజు ఎగ్బర్ట్ సరిచేస్తానంటే ఎందుకు వద్దన్నావు?"

అతను రంపం కింద పెట్టి, వంటింటి కత్తి తెచ్చి, కోటను అడుగునుంచి విడదీయడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. సాయం చేస్తామని ఎవరూ అనలేదు, ఎగ్బర్ట్ కూడా. ఆ తర్వాత కొండను మధ్యకు కోశారు.

ఎగ్బర్ట్ ఇప్పటికీ శనివారం సంతలో ఆమెను చూస్తే చీజు దుకాణం వైపు తిరుగుతాడు. ఆమె తిరగదు. పలకరించదు కూడా. కోట డీట్మార్ పుస్తకాల అర మీద, ఒకవైపు వాలి, ఉంది. క్షమించమని అతను నోరు తెరిచి అనలేదు. ఆ బాకీ ఇంకా ఉందని ఆమె అభిప్రాయం.

కొత్త ప్లైవుడ్ బల్ల మీద మొదటి పట్టా పరిచిన వారానికి, ఒక పొద్దున తలుపు మీద చప్పుడైంది. ఆ ఇంట్లో ఆ తలుపు అంతదాకా ఎవరూ తట్టలేదు. ఆమె చేతిలో టంకం కడ్డీ కాగుతోంది.

"ఆగు," అంది.

డీట్మార్ అడుగుల చప్పుడు వెనక్కి వెళ్లలేదు. ఆమె ఆ అతుకు పూర్తి చేసింది. పక్కది కూడా పూర్తి చేసి, చల్లారేదాకా చూసి, అప్పుడు రమ్మంది.