పెద్దాయన చెప్పిన చిరునామా

పటాలు గీసే ఆ ఆఫీసులో జాబు వెళ్తే జవాబు వస్తుంది. జవాబు రాకపోతే జాబే పోతుంది. పటాలావిడ మెడమీదికి సరిగ్గా అదే వచ్చింది.

బడిపిల్లల అట్లాసు చివరి పేజీలు సోమవారమే మెయిల్లో పంపానంటుంది ఆవిడ. అందలేదంటాడు ప్రచురణకర్త. యజమాని మాత్రం తేల్చేశాడు.

"పంపానని చెప్పి తప్పించుకునేవాళ్లతో నాకు కుదరదమ్మా. మధ్యాహ్నం మీటింగులో ఈ పుస్తకం ఇంకొకరికి అప్పగిస్తాను."

ప్రతి వాగునీ, ప్రతి ఊరి పేరునీ కళ్లు కాయలు కాసేలా సరిచూసిన పుస్తకమది. ఆఫీసు కంప్యూటర్లు చూసే మరిదిని ఆవిడ పిలిపించింది. అతను వస్తూనే మేలైన సలహా ఒకటి పడేశాడు.

"లెక్కలవాళ్ల కంప్యూటర్ నుంచి మళ్లీ పంపెయ్, వదినా. వాళ్ల మెయిళ్లు బాగానే పోతున్నాయి."

"పేజీలు పోతాయి, వాటి వెనకాలే నా మాటా పోతుంది. సోమవారం పంపినవి ఏ గంగలో కలిశాయో తేలాలి. తేలేదాకా నువ్వు ఇంటికి పోవు, నేను అన్నానికి లేవను."

"అన్నం సంగతి అన్నయ్యతో చెప్పుకో. నన్నెందుకు మాడుస్తావ్?" అంటూనే అతను కుర్చీ లాక్కున్నాడు.

ఆ ఆఫీసు కంప్యూటర్లది ఉమ్మడి కాపురం. లెక్కలవాళ్లవి విండోస్, ఆవిడది మాక్, కొలతల గదిలోది లినక్స్. ఒకే తీగకి వేలాడుతాయి కానీ ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. మెయిల్ సర్వర్ ఎక్కడుందో వాటికి గుర్తుండదు. నేమ్ సర్వర్ని అడుగుతాయి. పేరు చెబితే చిరునామా చెప్పడమే దాని ఉద్యోగం.

మరిది మూడింటి దగ్గరా కూర్చుని ఒకే ప్రశ్న కొట్టాడు: మెయిల్ సర్వర్ ఎక్కడ? విండోస్ ఒక నంబరు చూపించింది. మాక్ వేరే నంబరు చూపించింది. లినక్స్ మాక్ పాటే పాడింది.

"చూశావా? చిరునామా అడిగితే నీ మాక్‌కి ఎవరో పెద్ద నామమే పెట్టారు."

"ఎవరా ఎవరో?"

"అదే అర్థం కావట్లేదు. ఇది పాత సర్వర్ నంబరు. అప్పట్లో చిరునామాలు చెప్పేదీ, మెయిల్ మోసేదీ అదొక్కటే. కొత్తది పెట్టిన రోజే పాతదాన్ని ఈ చేతుల్తో ఆపేశాను."

"ఆపేసినది ఎలా పలుకుతుందయ్యా? మీ వంశంలోలాగా నిద్రలో మాట్లాడుతోందా?"

మరిది మాక్ సెట్టింగులు తెరిచాడు. అందులో చిరునామా ఎవర్ని అడగాలో రాసే చోట పాతదాని నంబరు మొదట, కొత్తదాని నంబరు తరవాత ఉన్నాయి. ఎప్పుడో చేత్తో కొట్టినవి. పాతది పలకనన్నాళ్లూ మాక్ బుద్ధిగా కొత్తదాన్ని అడిగింది. పాతది నోరు విప్పగానే మళ్లీ దాని మాటే వింది. విండోస్ వాటికి కొత్త నంబరు దానంతటదే అందింది కాబట్టి బతికిపోయాయి.

"అంటే దాన్నెవరో మళ్లీ లేపారు," అంది ఆవిడ, లేస్తూ. "పద, తీగ పట్టుకుని పోదాం."

తీగ లాగితే డొంక కదులుతుందంటారు. ఇక్కడ తీగ తిన్నగా యజమాని గదిలోకే దూరింది. ఆ ఆఫీసులో దేనికీ పదవీ విరమణ లేదు. మూడు కాళ్ల కుర్చీ, మొదటి గీతల బల్ల, మీటలు ఊడిన టైపు మిషను, అన్నీ ఆ గదిలోనే కొలువుంటాయి. వాటి పక్కన తళతళా తుడిచిన పాత సర్వర్, పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ.

"ఈ పెద్దాయన్ని ఎవరు లేపారండీ?" అన్నాడు మరిది.

"నేనే," అన్నాడు యజమాని. "దీపం ఆరిపోయి ఉంటే చూడలేకపోయానయ్యా. సోమవారం పొద్దున్నే పెట్టాను. ఈ ఆఫీసుని మొదట నడిపింది అదే కదా, పాపం."

మరిది దానికి తెర తగిలించి చూపించాడు. ఆవిడ సోమవారం పంపిన అట్లాసు పేజీలు అందులో వరసగా కూర్చునున్నాయి. పెద్దాయన వాటిని ఆదరంగా తీసుకున్నాడు. బయటికి పంపబోతే గుమ్మం దగ్గర ఫైర్‌వాల్ అనే కాపలా అడ్డుపడింది. దానికి కొత్త సర్వర్ ముఖమే తెలుసు. కొలతల గదిలోని ఆయన మెయిల్లో పెట్టుకున్న సెలవు చీటీ కూడా అక్కడే పడుంది. జవాబు రాలేదని ఆయన అందరిమీదా అలిగి ఉన్నాడు.

యజమాని పాత సర్వర్ మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాదేనమ్మా. కానీ దీన్ని ఆపమనకు."

"దీపం ఉంచుకోండి సార్. నెట్‌వర్క్ తీగ పీకండి. మీ చేత్తోనే పీకాలి. ఆ తరవాత నేను పంపలేదన్న మాట, మీటింగులో అందరి ముందూ మీ నోటితోనే వెనక్కి తీసుకోవాలి."

యజమాని వంగి తీగ పీకాడు. దీపం వెలుగుతూనే ఉంది.

మరిది మాక్‌లోంచీ లినక్స్‌లోంచీ పాత నంబరు చెరిపాడు. మెయిల్ సర్వర్ ఎక్కడని మళ్లీ అడిగితే మూడూ ఒకే మాట చెప్పాయి. ఆవిడ తన కుర్చీలో కూర్చుని, తన మాక్ నుంచే పేజీలు పంపింది. మీటింగులో యజమాని ఇంకా గొంతు సవరించుకుంటుండగానే ప్రచురణకర్త ఫోను చేశాడు.

"ఏంటమ్మా, నదులు మరీ ఇంత నీలంగా వేశారు? పిల్లలు సిరా ఒలికిందనుకుంటారు!"

"తప్పకుండా తగ్గిస్తానండీ," అంది ఆవిడ, ఫోను అందరికీ వినపడేలా బల్లమీద పెట్టి. "ఇంకా ఏమేం బాగాలేదో చెప్పండి, రాసుకుంటాను."