నారాయణది ఏ గోత్రం?

ఆ తండా మొదట్లో ఆకుపచ్చ బోర్డు ఒకటి ఉంది. దాని మీద తెల్ల అక్షరాలతో ‘నూటికి నూరు శాతం లంబాడ తండా’ అని రాసి ఉంటుంది. ఆ బోర్డు చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ నూరు శాతాన్ని లెక్కపెట్టడానికి తిరిగిన మనిషిని నేనే. పోయినేడు ఇంటింటి సర్వేకు వచ్చి, కాళ్లు పీకేలా రెండు రోజులు తిరిగి, రెండు వందల పన్నెండు మందిని రాసుకున్నాను. రెండు వందల పది మందికి లంబాడ అని రాశాను. మిగిలిన ఇద్దరి దగ్గర, నారాయణ, అతని కూతురు లత, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఆ ‘తర్వాత’ ఇప్పుడు వచ్చి నా నెత్తిన కూర్చుంది.

నేను గిర్దావర్‌ని, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌ని. ఎవరికి ఏ సర్టిఫికెట్ కావాలన్నా ఊరికి వెళ్లి విచారించి తహసీల్దారుకు రిపోర్టు రాయాలి. లతకు నర్సింగ్ సీటు వచ్చింది. సోమవారంలోగా గిరిజన సర్టిఫికెట్ చూపించకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది. ఆ రోజు శుక్రవారం. నేను రిపోర్టు రాయాలంటే పిల్ల తండ్రి గోత్రమేమిటో తండా పెద్దలు చెప్పి సంతకం పెట్టాలి. పది నిమిషాల పని అనుకుని పొద్దున పదింటికి వచ్చాను. ఒంటిగంట అయినా నారాయణ ఇంటి అరుగు మీదే ఉన్నాను.

నారాయణకు నలభై ఆరేళ్లు. నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు మహబూబాబాద్ రైల్వేస్టేషన్‌లో బల్ల కింద ఏడుస్తుంటే, కూలికి పోయి వస్తున్న ద్వాళి అనే ఆవిడ చీరకొంగులో చుట్టి తెచ్చుకుంది. ఆవిడ భర్త పేరు బానోతు దస్రు, ఇప్పుడు లేడు. ఎవరు కన్నారో తెలియదు గాని, నారాయణ మాట్లాడేది లంబాడీ, మొక్కేది లంబాడ దేవతలకు. పెళ్లాడింది కూడా ఆ తండా పిల్ల చంద్రినే.

"లంబాడ అని రాయి మేడం. గంతే కద," అన్నాడు ప్రేమ్‌సింగ్. తండాకు పెద్ద అతనే. "మా తండల వేరేటోడు ఎట్లుంటడు? బోర్డు సూడలేదా?"

"సూసినన్నా, దినాం సూస్తున్న. గోత్రం ఏం రాయాలె?"

అతను వేపచెట్టు వైపు చూశాడు. అక్కడ కూర్చున్న నలుగురు పెద్దలు అతని వైపు చూశారు.

"దస్రు పెంచిండు గదా, బానోతు అని రాస్త," అని పెన్ను తీశాను.

"వద్దొద్దు!" అని నలుగురూ ఒక్కసారే లేచారు.

ఎందుకో నాకు తెలుసు. వీళ్లలో ఇంటిపేరును బట్టే గోత్రం. చంద్రి కూడా బానోతు ఇంట్లోనే పుట్టింది. నారాయణ బానోతు అయితే మొగుడూ పెళ్లాం అన్నాచెల్లెళ్లవుతారు. ఒకే గోత్రంలో పెళ్లి చేశారని చుట్టుపక్కల ఏ తండా ఈ తండా పిల్లను చేసుకోదు.

"అయితే భూక్య అని రాస్త. మీ తండల ఉన్నయే రెండు ఇంటిపేర్లు."

"అది గూడ వద్దు మేడం," అన్నాడు ప్రేమ్‌సింగ్. "లతను పక్క తండ భూక్యోళ్ల పిలగానికి ఇస్తమని మాట అయింది. భూక్య అని రాస్తే ఆ పిల్ల గూడ ఆళ్ల చెల్లె అయితది."

నాకు తల పగిలినంత పనైంది. "మనిషి కావాలె, గోత్రం వద్దు. లెక్కల ఉండాలె, వరుసల ఉండొద్దు. నన్నేం రాయమంటరు? గాలి గోత్రం రాయాల్నా?"

వాళ్ల చేతులతో వాళ్లు చేసుకున్న పని ఒకటి నా ఫైల్లో ఉంది. దాన్ని తీసి పైన పెట్టాను. నారాయణ పెళ్లికి ముందు తండా పెద్దలు రాసుకున్న కాగితం అది. ‘నారాయణ దస్రు కడుపున పుట్టినవాడు కాడు. బానోతు వారితో గాని, మరే గోత్రంతో గాని ఇతనికి సంబంధం లేదు. కనుక బానోతు పిల్లనిచ్చుటకు అభ్యంతరం లేదు.’ కింద ఏడు వేలిముద్రలు. పెళ్లికి అడ్డం రాకూడదని అలా రాసి, అందరూ కడుపునిండా భోజనం చేసి వెళ్లారు. ఇరవై నాలుగేళ్లు ఆ కాగితం చంద్రి పెట్టెలో భద్రంగా ఉంది. మొన్న లత దరఖాస్తుకు తల్లిదండ్రుల కాగితాలు ఏమున్నా పెట్టమంటే, తన పెళ్లి సక్రమంగా జరిగిందనడానికి ఇంతకంటే రుజువు ఏముంటుందని చంద్రి దాన్ని కూడా జతచేసింది. కూతురికి తండ్రి ఎవరివాడూ కాడని తన చేత్తోనే ఆఫీసుకు రాసిచ్చినట్టయింది.

"నాకేం ఎరుక మేడం?" అంది చంద్రి, గడప దాటి వస్తూ. వెంటనే పెద్దల మీదికి తిరిగింది. "నన్నియ్యడానికి ఆనాడు ఈన ఎవలోడు కాడన్నరు. నూరు శాతం లెక్కకేమో మావోడే అంటరు. నా బిడ్డ సదువుకాడికొచ్చేసరికి నోరు పడిపోయిందా మీకు?"

"గట్లనకు చంద్రీ. ఆనాడు నీ మంచికే..." అన్నాడు ఒక పెద్దాయన.

"నా మంచి మీరు సూసింది సాలు!"

గోడ పక్కన నిలబడి లత ఏడుస్తోంది. నారాయణ ఏం చేస్తున్నాడంటే, నాకు మూడోసారి మంచినీళ్లు తెస్తున్నాడు. తన గురించి ఇంత గొడవ జరుగుతుంటే ఒక్క మాటా అనడు. నాకు అతని మీద కూడా కోపం వచ్చింది.

"నారాయణన్నా, నువ్వేమంటవు?"

"నాకేముంది మేడం. పెద్దమనుషులు ఏదంటే గది," అన్నాడు.

ఫైలు మూసేశాను. "ఇగ నాతోని కాదు. తేలలేదని రాసి పోత." బెదిరించడానికే అన్నాను. కాని అలా అన్నాక, నిజంగానే అంతకంటే రాయడానికేమీ లేదని అర్థమై భయమేసింది.

"లావుడ్య అని రాసుకో బిడ్డా."

మాట వాకిట్లోంచి వచ్చింది. ద్వాళి అక్కడ గోనెసంచి మీద కూర్చుని, పొద్దుటి నుంచీ ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. డెబ్బై ఐదేళ్లు దాటిన మనిషి. చేతి పని ఆపకుండానే చెప్పింది.

"లావుడ్య ఎవలే అవ్వా? మన తండల ఆ పేరే లేదు," అన్నాడు ప్రేమ్‌సింగ్.

"నేను. నా పుట్టింటి పేరు."

ప్రేమ్‌సింగ్ చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "ఆడిదాని పుట్టింటి గోత్రం కొడుక్కెట్ల వస్తది? అది పెండ్లినాడే పాయె గదా."

ఆవిడ చేతిలోని కాయలు కింద పెట్టింది. "దస్రు ఈన్ని గడప లోపటికి రానియ్యలే. ఎవలకో పుట్టినోడు నా ఇంట్ల వద్దన్నడు. సంకకెత్తుకొని మా బాపు తండకు పోయిన. దస్రు దిగొచ్చి పిలిచేదాక తొమ్మిదేండ్లు ఆడనే మిర్చి ఏరి సాకిన. నా బాపే పుట్టెంటికలు తీయించిండు. శీతల పండుగనాడు మేకను కోసి, తండనంత పిలిచి, ఈన్ని లావుడ్యోళ్ల వరుసల కూసోవెట్టి అన్నం వెట్టిండు. గీడు నా వంశపోడు అన్నడు. ఆనాడు అన్నం తిన్నోళ్లు ఇద్దరు ఇంకా బతికున్నరు. పోయి అడుగున్రి."

ప్రేమ్‌సింగ్ వేళ్లు మడుస్తూ వరుసలు లెక్కపెట్టాడు. లావుడ్యకు, బానోతుకు పెళ్లి కుదురుతుంది. లావుడ్యకు, భూక్యకు కూడా కుదురుతుంది. అతని ముఖం విప్పారింది. "గిట్లయితే ఎవలికీ పరేషాన్ లేదు గద మేడం!" అని తానే ముందు సంతకానికి వచ్చాడు. మూడు గంటలు నన్ను ఎండబెట్టిన మనిషి!

ఆవిడ చెప్పిన తండాకు ఫోన్ చేయించాను. ఒక ముసలాయన ఫోన్లోకి వచ్చి మేక ఏ రంగుదో కూడా చెప్పాడు. ఆ ఇద్దరినీ పిలిపించి వాంగ్మూలం రాయించుకున్నాను. శనివారం మధ్యాహ్నానికి తహసీల్దారు సారు ఫైలంతా రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. సర్టిఫికెట్ లత చేతికి వచ్చింది.

అయితే ఆ శుక్రవారం బండి ఎక్కేముందు నాకు కోపం ఆగలేదు. మళ్లీ వాకిట్లోకి వెళ్లి ద్వాళి ముందు నిలబడ్డాను.

"అవ్వా, గీ ముచ్చట పెండ్లినాడే చెప్తే ఆ పాడు కాయితం ఉండకపోవు గదా. ఇరవై నాలుగేండ్లు ఎందుకు చెప్పలే?"

"పంచాయితీల ఆడోళ్లను కూసోనిస్తరా?"

"పోనీ, సర్వేకు నేనొచ్చిననాడన్న చెప్పొద్దా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, ఆశ్చర్యంగా.

"నువ్వు నా మంచం మీదనే కూసొని రాసుకున్నవు బిడ్డా. తండ్రి పేరడిగినవు, తాత పేరడిగినవు. నన్ను ఛాయ్ వెట్టుమన్నవు. నేను వెట్టిన."

ఆవిడ మళ్లీ మిరపకాయలు చేతిలోకి తీసుకుంది. సర్వే రోజు తాగిన ఛాయ్ బాగుందని మాత్రం నాకు గుర్తుంది.