డ్రైవరు సీటు

ఉప్మాకు రవ్వ వేయిస్తుంటే మామ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో కాశీవిశ్వనాథంగారు వంటింటి వైపు రావడం నేను చూడలేదు. ఏం కావాలన్నా హాల్లోంచి కేకే.

"సూడమ్మా శ్రీలక్ష్మీ, కారు నంబరు ఎవరో రాసుకున్యారంట. పోలీసాయప్ప వస్తాండాడు. నువ్వే నడుపుతాంటివని సెప్పు. అంతే, ఇంకేం మాట్లాడొద్దు."

సరే అన్నాను. రవ్వ మాడకుండా కలుపుతూనే ఉన్నాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. నిన్న సాయంత్రం నుంచి నా లోపల ఏదీ కదలడం లేదు. మంత్రాలయం నుంచి తెచ్చిన ప్రసాదం డబ్బాలో సర్దాను, పాలు కాచాను, ఆరిన బట్టలు మడతపెట్టాను. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

నిన్న నేనూ మా ఆయన వరుణూ ఎమ్మిగనూరు దాటి ఆదోనికి వస్తున్నాం. ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని ఎవరితోనో పత్తి రేటు మాట్లాడుతున్నాడు. పత్తి ఏరి ఇళ్లకు పోతున్న ఆడకూలీలు రోడ్డు అంచున వరసగా నడుస్తున్నారు. నా వైపు దబ్బుమని శబ్దం. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాను. ఒకామె కింద పడి ఉంది. లేవబోయి మళ్లీ పడింది. ఆపండి, ఆపండి అని అరిచాను. "ఆపితే సంపుతారే మనల్ని! నోరు మూసుకో" అన్నాడు. 108కి ఫోనన్నా చేస్తానని నా సెల్లు తీస్తే, "ఆడ ఉండేటోళ్లు సేస్తార్లే" అని లాక్కున్నాడు. ఆ ఫోను ఇంతవరకూ నా చేతికి రాలేదు.

మూడేళ్ల కింద నేను ముచ్చటపడి డ్రైవింగ్ స్కూలుకు పోయాను. తిక్కయ్య మాస్టరు గేర్లు నేర్పడానికి ముందే ఈ పాఠం చెప్పేవాడు. "ఎవురికన్నా తగిలిందంటే ముందు బండి ఆపాలమ్మా. దిగి మనిషిని సూడాల. 108కి సెయ్యాల. జనం కొడతారని భయమైతే నేరుగా స్టేషనుకు పోయి సెప్పాల. ఇంటికి మాత్రం పోగూడదు." మేం నేరుగా ఇంటికే వచ్చాం. వరుణ్ స్నానం చేసి, తల నొప్పిగా ఉంది, మిరియాల చారు పెట్టమన్నాడు. పెట్టాను.

నాకు లైసెన్సు వచ్చిన రోజు ఇంట్లో అందరూ నవ్వుకున్నారు. "ఇది నడిపితే పక్కన కూసుని రాఘవేంద్రస్వామిని తలుసుకుంటా ఉండాల" అన్నాడు వరుణ్. "మన ఇండ్లల్లో ఆడోళ్లు కార్లు తోలేది యాడన్నా ఉందా" అంది అత్త విశాలాక్షి. ఆ తర్వాత తాళంచెవి నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు, వాకిట్లో అడ్డంగా ఉన్న కారును పక్కకు పెట్టడానికి కూడా. కారు మాత్రం నా పేరు మీదే కొన్నారు. షాపు నా పేరు, గోడౌను నా పేరు. లక్ష్మి పేరు కలిసొస్తుందట! పెట్టమన్నచోట సంతకం పెట్టడం, నాకు తెలిసిన వ్యాపారం అదొక్కటే.

సంగతేమిటంటే, వరుణ్ లైసెన్సు గడువు ఎప్పుడో అయిపోయింది. కేసు గట్టిగా తగులుకుంటుంది, ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేస్తారు. నాది నిక్షేపంగా ఉంది. "ఆడమనిషంటే పోలీసోళ్లు మెత్తగా పోతార్లే. కాలే కదా ఇరిగిందంట" అంది అత్త, దేవుడి దగ్గర దీపం వత్తి ఎగదోస్తూ. ఇన్నేళ్లకు నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టారు, అదీ కారు దిగాక.

వచ్చినాయన పెద్ద వయసు హెడ్ కానిస్టేబులు. టీ ఇచ్చాను. బండి శ్రీలక్ష్మి పేరున ఉంది, మీరేనా అమ్మా అని అడిగాడు. అవునన్నాను.

"నిన్న నడుపుతాండింది ఎవరు?"

మామ అందుకున్నాడు. "మా కోడలే సార్. అలవాటు లేదు కదా, బెదురుకోని వచ్చేసింది."

"ఆయమ్మనే సెప్పనీ అప్పా."

వరుణ్ సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఒక్కసారైనా తలెత్తి నన్ను చూస్తాడేమోనని ఆగాను. చూడలేదు. అయినా నేనేనని చెప్పడానికే నోరు తెరిచాను. కూరలో ఉప్పెక్కువైనా నేనే, అత్తకు షుగరు పెరిగినా నేనే, షాపులో బేరం చెడినా పొద్దున్నే ఎదురొచ్చిన నేనే. ఇది కూడా అందులో కలిసిపోతుందిలే అనిపించింది.

నేను తడబడుతున్నాననుకున్నాడో ఏమో, హెడ్ కానిస్టేబులు గ్లాసు కింద పెట్టాడు. "ఆయమ్మ పేరు ఉచ్చీరమ్మ. పెద్దాసుపత్రిలో ఉంది. కాలికి ఆపరేషన్ సెయ్యాలంట. పొద్దున పోతే ఒకటే మాట సెప్పింది. 'కిటికీలోంచి ఒకమ్మ తిరిగి నా తట్టు సూసింది సార్. ఆయమ్మ ఆపిస్తాదిలే అనుకుంటి' అని. కారు కనపడకుండా పొయ్యేదాకా సెయ్యి ఎత్తుకునే ఉన్నిందంట."

నేను ఆపిస్తాననుకుందట. ఈ ఇంట్లో నేను దేన్నయినా ఆపించగలనని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి, విరిగిన కాలితో రోడ్డు పక్క పడి ఉండి, అనుకుంది. నిన్నటి నుంచి లోపల కదలనిది ఇప్పుడు కదిలింది. భయం వేసింది. సిగ్గు వేసింది. చేతిలోని ట్రే టీపాయ్ మీద పెట్టేశాను.

"శ్రీలక్ష్మీ" అన్నాడు మామ, హెచ్చరిస్తున్నట్టు. వరుణ్ అప్పుడు తలెత్తాడు.

"బండి నాది సార్" అన్నాను. "నడిపింది ఆయన. తిరిగి చూసింది నేను."