పెంకుల సందుల్లోకి నీళ్లు

పై గదిలో అద్దెకుంటూ పెళ్లిగౌన్లు కుట్టే మరైకేను ఖాళీ చేయించడం కుదరదని కోర్టు చెప్పేసింది. అందుకే ఇంటి యజమాని యోస్ట్ ఆ గురువారం పెంకులకు పట్టిన నాచు కడుగుతానంటూ ప్రెషర్ మెషీన్ గొట్టంతో ఇంటికప్పు ఎక్కాడు. ధారను పైనుంచి కిందికి కొట్టాలి. అతను కావాలనే కిందినుంచి పైకి, పెంకుల సందుల్లోకి కొట్టాడు.

కాసేపటికి మరైకే కప్పు కిటికీలోంచి తల బయటపెట్టింది. "యోస్ట్ గారూ, నీళ్లన్నీ లోపలికొస్తున్నాయండీ. రేపటి పెళ్లిగౌను తడిసిపోతోంది."

"అయితే కిటికీ మూసుకోండమ్మా, మీరూ తడుస్తారు," అంటూ అతను ధారను అటే తిప్పాడు.

లోపల సీలింగ్ ఊడిపడిన చప్పుడు కప్పు మీదికే వినిపించింది. యోస్ట్‌కు కడుపు నిండినట్టయింది.

సాయంత్రం మరైకే పచ్చటి మరకలు పడిన గౌను భుజాన వేసుకుని, కుట్టుమిషను పెట్టె ఈడ్చుకుంటూ మెట్లు దిగింది.

"పాపం, ఈ పూట ఎక్కడికెళ్తుంది?" అంది యోస్ట్ భార్య టీనెకే.

"అంత జాలైతే నువ్వూ వెళ్లు," అన్నాడతను, బూట్ల నాచు గీక్కుంటూ.

టీనెకే కోటు తొడుక్కుని, పెట్టెకు రెండోవైపు పట్టుకుంది.